రెండో సందు

జగిత్యాలలో మా కాలేజీ జువాలజీ ల్యాబులో కిటికీ పక్కన ఒక బీరువా ఉంది. దాని పై అరలో చేపల సీసాలు ఉంటాయి. ఏడాదికోసారి వాటి మూతలు తీసి, పచ్చబడిన పాత ఫార్మలిన్ పారబోసి, కొత్తది పోసి, దుమ్ము తుడిచి మళ్లీ పెట్టడం నా పని. ల్యాబ్ అటెండర్ అంటే ఇంతే. ఇరవై ఏళ్లు దాటింది. ఆ వాసన చేతులకు ఎంత పట్టిందంటే, ఇంట్లో ఉల్లిగడ్డ కోసినా నాకు ఫార్మలిన్ వాసనే వస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు ఆ సీసాలు చూసి "ఈ చేపలు ఎక్కడివి?" అని నన్నే అడుగుతారు. "మా వాగువి" అంటాను. "ఇప్పుడు కూడా ఉన్నాయా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. పాపం పిల్లల తప్పేముంది, మండేది నా మీద నాకే.

మా వాగు రుద్రంగి దాటిన తర్వాత గుట్టల కింద పుట్టి, కోరుట్ల దిక్కు పోయి, ఎక్కడెక్కడో మెలికలు తిరిగి గోదావరిలో కలుస్తుంది. ఎండాకాలం ఇసుక, వానాకాలం ఎర్రనీళ్లు. మాకు గుంటెడు భూమి కూడా లేదు. మా అమ్మ కూలి దొరికిన రోజు కూలికి పోయేది, దొరకని రోజు బుట్ట పట్టుకొని వాగుకు పోయేది. ఆ బుట్ట మా అక్కకు వచ్చింది. నాకు పదో తరగతి వచ్చింది. అక్క ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది. బావ సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేస్తాడు. ఆదివారం ప్రార్థన వేళకు ఇల్లు చేరి, సోమవారం మొదటి బస్సుకు వెళ్లిపోతాడు. వారమంతా ఇంటి బరువు అక్కదే, వానాకాలం ఆ బరువు మోసేది వాగు.

అక్క చేపలు పట్టే పద్ధతి చెప్పాలి. తొలి వానలకు వాగు కదిలిన రెండు మూడు రోజులే చేప ఎదురెక్కుతుంది. ఎండాకాలమంతా కింద మడుగుల్లో తలదాచుకున్నవి, కొత్తనీళ్లు తగలగానే పైకి బయలుదేరుతాయి. పైన గడ్డి మునిగిన పలుచని నీళ్లలో గుడ్లు పెట్టాలని వాటి తొందర. అక్క వాగుకు అడ్డంగా రాళ్లు పేర్చి రెండు సందులు వదిలేది. ఒక సందులో వెదురుబుట్టను, మూతి కింది వైపు ఉండేలా, తాడుతో కట్టేది. రెండో సందుకు ఏమీ పెట్టేది కాదు. చిన్నప్పుడు ఒకసారి, దానికి కూడా బుట్ట పెడదామని తెలివిగా సలహా ఇచ్చాను. నెత్తి మీద మొట్టికాయ పడింది.

"కడుపుతోటి ఉన్నది తల్లిగారింటికి పోతుంటె తొవ్వకు అడ్డం పడుతరానే? సిగ్గు లేదా నీకు?"

అది అమ్మ మాట. అమ్మకు అమ్మమ్మ చెప్పిందట. ఏ సందులో దూరాలో చేప ఇష్టం. బుట్టలో పడ్డది మాది, పడనిది తల్లిగారింటికి పోతుంది.

మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, చేప తినడానికి మా వైపు మతం అడ్డం రాదు, కులం అడ్డం రాదు. ఆ పొద్దున అక్క కోరుట్ల అంగడిలో గంప దించితే చాలు. "వాగు పరకలేనా అక్కా?" అని జనం మూగేవారు. పరకలు, జెల్లలు, బొమ్మెలు, అప్పుడప్పుడు ఒక వాలుగ. ఒక ఏడు బుట్టలో మలుగుపాము పడింది. పాములాగా పొడుగ్గా, జారిపోతూ. అది సముద్రం నుంచి వస్తుందని అమ్మ చెప్పేదంటూ అక్క చెబితే, నేను పడీ పడీ నవ్వాను. కోరుట్ల ఎక్కడ, సముద్రం ఎక్కడ!

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. దాని చుట్టూనే ఇంతసేపు తిరిగాను.

ఒక ఎండాకాలం మా వాగు మీద చెక్ డ్యామ్ కట్టడానికి సర్వేకు వచ్చారు. కాలేజీకి సెలవులు కాబట్టి నేను ఊళ్లోనే ఉన్నాను. బడి వరండాలో కుర్చీలు వేసి ఊరివాళ్లను పిలిచారు. వచ్చిన సారు ఒక జిరాక్స్ కాగితం చూసి ప్రశ్నలు అడుగుతూ రాసుకుంటున్నాడు. బావులెన్ని, మోటార్లెన్ని, ఏ పంటలు. చివరికి వచ్చేసరికి, "వాగుల చేపలున్నయా? వాటి మీద బతికేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు.

"ఏం చేపలు సార్, గా ఇసుక తప్ప ఏమున్నది?" అంది అక్క. అని నా వైపు చూసింది.

సారు కూడా నా వైపే చూశాడు. "నువ్వు కాలేజీల పనిచేస్తవట కదమ్మా. నువ్వు చెప్పు."

"లేవు సార్" అన్నాను.

రాసుకున్నాడు. ఊరివాళ్ల తరఫున సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

ఎందుకు అబద్ధం చెప్పామంటే, చెరువు వల్ల. మా చిన్నతనంలో చెరువు మూలల్లో మేమూ నాలుగు చేపలు పట్టుకునేవాళ్లం, ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒకరోజు ఎవరో కాగితం పట్టుకొని వచ్చి చెరువులో ఏమేం చేపలు ఉన్నాయని అడిగితే, మా అమ్మ సంబరంగా వేళ్లు మడుస్తూ అన్నీ చెప్పింది. మరుసటి ఏడు చెరువు చేపలు మత్స్యకారుల సంఘానివని కట్ట మీద బోర్డు లేచింది. సంఘం వాళ్లను అనడం లేదు, వాళ్ల బతుకూ అదే. కానీ మా ఇండ్లవాళ్ల పేర్లు ఆ సంఘంలో ఎక్కవు. అప్పటి నుంచి మా దగ్గర కాగితం పట్టుకొని ఎవరు ఏది అడిగినా లేదనే చెబుతాం. మేకలున్నాయా అంటే లేవు, కోళ్లున్నాయా అంటే లేవు, కోడి కాళ్ల దగ్గరే తిరుగుతున్నా సరే. రాతలోకి ఎక్కినది మా చేతిలోంచి పోతుందని భయం. వాగు ఒక్కటే ఇంకా ఎవరిదీ కాకుండా మిగిలింది. దాన్ని దాచుకున్నామని అనుకున్నాం. ఇంటికి నడుస్తూ అక్క "మంచి పని చేసినవే" అని నా వీపు కూడా తట్టింది.

గోడ లేచింది. నా మెడ దాకా ఎత్తు. గోడ నడుమ ఒకచోట చెక్కలు జారవిడిచే సందు పెట్టారు. చెక్కలు వేస్తే నీళ్లు ఆగుతాయి, తీస్తే పోతాయి. ఒక్క చుక్క కూడా పోవద్దని, వానలు మొదలవక ముందే చెక్కలు బిగించేస్తారు. గోడను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఎండిన బావులు ఊరాయి. అక్క నాట్లకు పోయే పొలాలు ఆ నీళ్లతోనే పండుతున్నాయి. అది చెప్పకపోతే నేను రెండోసారి అబద్ధం చెప్పినట్టే.

గోడ కట్టిన తర్వాత వచ్చిన తొలి వరద మా ఊళ్లో ఎవరూ మరిచిపోరు. గోడ కింద చేపలే చేపలు! పైకి పోయే దారి లేక గోడ అడుగున గుంపులుగా కొట్టుకున్నాయి. ఎగురుతాయి, సిమెంటుకు తగులుతాయి, పడతాయి, మళ్లీ ఎగురుతాయి. ఊరంతా సంచులు, చీరలు, దోమతెరలు పట్టుకొని దిగింది. "గోడ పుణ్యమాని చేపల పంట పండింది పో" అన్నారు. రాళ్లు పేర్చే పనే లేదు కాబట్టి అక్కకు రెండో సందు గుర్తే రాలేదు. చేతులతో ఎత్తి గంపలు నింపుకుంది. నేనూ కొంగు నడుముకు చెక్కి దిగాను. ఆ రోజు సంతోషంగానే ఉన్నాను, దాచడం ఎందుకు. ఇంటికొచ్చి పొట్టలు చీలిస్తే అన్నిట్లో గుడ్లే. ఆ కూర రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది, అదే నాకు శిక్ష.

మరుసటి ఏడు సగం కూడా రాలేదు. ఆ పై ఏడు గంప అడుగు కనబడుతూనే ఉంది. అంగడిలో జనం వచ్చి తొంగిచూసి, "ఏందక్కా, ఇవ్వేనా?" అని పోయేవారు. కొన్నాళ్లు అక్క ఐసు పెట్టెల చేప తెచ్చి అమ్మింది. మనసు పట్టక మానేసింది. "సచ్చి ఎన్నొద్దులైందో గా చేప. దాని కండ్లల్లకు చూడబుద్ధి కాదు చెల్లె" అంది. మోకాళ్ల నొప్పులతోనే పూర్తిగా కూలికి మళ్లింది.

గోడ పైన నిలిచిన నీళ్లలో మాత్రం చేపలు పుట్టాయి. ఎక్కడి నుంచి వచ్చాయో జిలేబీ చేపలు వచ్చాయి. బురదలో కూడా బతికే కొర్రమట్టలు మిగిలాయి. సంఘం వాళ్లు బొచ్చె పిల్లలు, రవు పిల్లలు తెచ్చి వదిలారు. వాటితో పాటు ఒడ్డున బోర్డు కూడా వచ్చింది. ఎందుకు భయపడి లేవన్నామో, చివరికి అదే జరిగింది.

ఇంతలో మా జువాలజీ మేడమ్‌కు ఒక పరిశోధన పని పడింది. వాగుల మీద గోడలకు పైన ఏ చేపలున్నాయి, కింద ఏవున్నాయి చూడాలన్నారు. "ఏ వాగుకు పోదాం?" అని నన్ను అడిగారు. నేను నోరు జారి మా వాగు చెప్పాను. ఆ వానాకాలం నా ఆదివారాలన్నీ అక్కడే పోయాయి. జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సు, అక్కడి నుంచి ఆటో, చేతిలో వల, బకెట్టు. చేపను పట్టడం, పేరు రాసుకోవడం, వదలడం. పేర్లు చెప్పేది అక్క. కింద ఇంకా నాలుగైదు రకాల వాగు చేపలు ఒకటీ అరా దొరికేవి. పైన ఎన్నిసార్లు వల తీసినా జిలేబీయే. "మళ్లీ జిలేబీయేనా!" అని మేడమ్ పెన్ను పక్కన పడేస్తే, "ఇగ మనం మిఠాయి దుకాణం పెట్టుకుందాం మేడమ్" అంది అక్క. ఆ వానాకాలమంతా కలిపి మేం నవ్వింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

ఇది ఒక్క గోడ సంగతి కాదని మేడమ్ చెప్పారు. కింద ఇంకో గోడ ఉంది, దాని కింద మరొకటి, గోదావరి మీద పెద్దవి. వాగు ముక్కలైపోయింది. ఒక ముక్కలో ఒక రకం చేప చస్తే, వేరే ముక్కలోంచి వచ్చి ఆ చోటు నింపేవి ఉండవు. అక్క అంతా విని మలుగుపాము సంగతి అడిగింది. అది నిజంగానే సముద్రంలో పుట్టి, పిల్లగా ఉన్నప్పుడే నదుల వెంట ఇంత దూరం ఎక్కి వస్తుందని మేడమ్ అన్నారు. అక్క నా వైపు ఒక చూపు చూసింది. అప్పుడు నవ్వితివి కదా అని.

"ఇగ రాదా మేడమ్?"

"అన్ని గోడలు దాటి ఎట్ల వస్తదమ్మా?"

 అక్క గోడ నడుమ చెక్కల వైపు చెయ్యి చూపించింది. "గోడ వద్దని నేనంటలేను. గా సందున్నది కదా. తొలి వరదకు మూడొద్దులు చెక్కలు తీస్తె సాలు మేడమ్. పోయేటియి పోతయి. తర్వాత ఏసుకుంటరు. మా అమ్మ రెండో సందు ఇడిచినట్టు."

మేడమ్ ఆ మాట అలాగే రాసుకున్నారు. తను పుస్తకాలు తిరగేసి రాయాలనుకున్నది కూడా అదేనట.

ఆ మాటే కాగితం మీద పెట్టి, మేడమ్, నేను జగిత్యాలలో ఇరిగేషన్ ఆఫీసుకు పోయాం. అక్కడి ఇంజనీరు సారు మర్యాదస్తుడే. కుర్చీలు చూపించాడు, నీళ్లు తెప్పించాడు, మా గోడ ఫైలు తీయించాడు. చదివి, ఒక వాక్యం మీద వేలు పెట్టి మా వైపు తిప్పాడు. గ్రామస్తులను విచారించగా వాగులో చేపలు లేవని, చేపల మీద ఆధారపడినవారు ఎవరూ లేరని తెలిపినారు. కింద నా సంతకం. నెల నెలా హాజరు పట్టీలో మేడమ్ చూసే సంతకమే. ఆమె దాన్ని చూశారు, నన్ను చూశారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"లేని చేపల కోసం చెక్కలు తియ్యమంటె మోటార్ల రైతులు నన్ను బతకనిస్తరా అమ్మా?" అన్నాడు సారు. "మీరే లేవని రాసిచ్చిండ్రు. ఒక పని చెయ్యండి. తొలి వరద వచ్చిన రోజు నాకు ఫోన్ చెయ్యండి. నేనే వస్త. గోడ కింద చేపలు కొట్టుకునేది నా కండ్లతోటి చూస్తె, చెక్కలు తియ్యాలని నేనే పైకి రాస్త."

న్యాయంగానే చెప్పాడు. మెట్లు దిగాక మేడమ్ "ఎందుకట్ల సంతకం పెట్టినవు?" అని అడిగారు. చెరువు బోర్డు దగ్గర నుంచి అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఈ ఏడు మిరుగం పొడిగానే పోయింది. తర్వాత వారానికి వాన పడింది. మేడమ్‌కు పరీక్షల డ్యూటీ ఉండటంతో నేనొక్కదాన్నే సెలవు పెట్టి ఊరికి పోయాను. తెల్లారేసరికి వాగు కదిలింది. అక్క, నేను గోడ కిందికి చేరేటప్పటికి అవి వచ్చి ఉన్నాయి. వెనకటిలాగా గుంపులు కావు. కొన్ని జెల్లలు, దోసెడు పరకలు, ఒక వాలుగ. లెక్కపెడితే ఇరవై దాటవు. అయినా నా గుండె ఎంత ఎగిరిందో! వెంటనే సారుకు ఫోన్ చేశాను. "బయలుదేరుతున్నమ్మా" అన్నాడు. ఇద్దరు మగవాళ్లు వల తీసుకొని వస్తే, "ఇయ్యాల గీడ ఎవలన్న వల ఏస్తె కాళ్లు ఇరగ్గొడత!" అని అక్క అరిచిన అరుపుకు వచ్చిన దారినే పోయారు.

రెండు గంటలు గడిచినా సారు రాలేదు. మళ్లీ ఫోన్ చేస్తే, మీటింగులో ఉన్నానని, గంటలో వస్తానని అన్నాడు. చేపలు మాత్రం ఆగడం లేదు. ఎగురుతున్నాయి, గోడకు తగులుతున్నాయి. ఒక జెల్ల మూతి చితికి నెత్తురు కారుతోంది. రెండు పరకలు వెల్లకిలా తేలాయి. అక్క చూసి చూసి లేచింది. బుట్టలో తడి గోనెసంచి పరిచి నీళ్లలోకి దిగింది.

"ఏం చేస్తున్నవక్కా?"

"పైన ఇడిచొస్త."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నీకేమన్న పిచ్చా? సారు చూడాలె! ఇవి కనబడకపోతె చెక్కలు ఎన్నటికీ తియ్యరు. ఇంకొక్క గంట ఓపిక పట్టు."

"నీ సారు అచ్చేదాంక గివ్విటి కాన్పు ఆగుతదానే?" అని చెయ్యి విదిలించుకుంది.

ఒక్కొక్కదాన్ని రెండు చేతులతో పట్టి, బుట్టలో వేసి, గోడ పక్క మెట్లెక్కి అవతలి నీళ్లలో వదులుతోంది. ఆ మోకాళ్లతో. నేను కోపంగా రాయి మీద కూచున్నాను. మూడుసార్లు ఎక్కి దిగేదాకా చూశాను. తర్వాత నేనూ దిగాను, ఏం చేయను. జీవితమంతా చేపలను నీళ్లలోంచి బయటికి తీసిన చేతులు మావి. వాటిని మోసుకుపోయి నీళ్లలో వదలడం మాకు చేతకాలేదు. రెండు జారి మెట్ల మీద పడి చచ్చాయి.

సారు వచ్చేటప్పటికి మధ్యాహ్నం దాటింది. పాపం ప్యాంటు మడిచి, బురదలో బండి ఆపి, ఉరుక్కుంటూ వచ్చాడు. "ఏవమ్మా చేపలు?"

గోడ కింద ఎర్రనీళ్లు తప్ప ఏమీ లేవు. అక్క చంకలో బుట్టతో మెట్ల మీద నిలబడి ఉంది. కాగితం పట్టుకున్న మనిషికి మా అక్క నిజం చెప్పడం నేను మొదటిసారి విన్నాను.

"ఉన్నయి సార్."

"ఎక్కడ?"

"పైన ఇడిచినం సార్. గీడ సచ్చిపోతున్నయని."

సారు గోడ ఎక్కి అవతలికి చూశాడు. అంతా బురదనీరు. ఏం కనబడుతుంది? నా వైపు తిరిగాడు. అక్క బుట్ట ముందుకు పెట్టింది. "ఇగో, ఇదొక్కటి మిగిలింది." మూతి చితికిన జెల్ల. పొట్ట ఉబ్బి ఉంది. సారు ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. ఇంకొకటి కొట్టబోతుంటే, "సాలు సార్, దానికి దమ్ము ఆడుతలేదు" అని అక్క బుట్ట అవతలి నీళ్లలో వంచేసింది.

సారు కవరులోంచి కాగితం తీశాడు. "నేను చూసిందే రాస్తనమ్మా. చూడంది రాయలేను, ఏమనుకోకండి" అన్నాడు. గోడకు ఆనించి రాశాడు. గోడ కింద చేపలు: ఒకటి. సాక్షి సంతకం నన్ను పెట్టమన్నాడు. పెట్టాను. చెక్కలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

బండి చప్పుడు దూరమయ్యాక అక్క మెట్టు మీద కూలబడి మోకాలు రుద్దుకుంటూ, "ఏం రాసిండే?" అని అడిగింది.

"ఒకటి అని."

 "లేవు అన్నదానికన్న నయమే కదనే" అంది అక్క. నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా. ఎంతసేపు ఏడ్చానో తెలియదు.

"లే చెల్లె" అని అక్క నా భుజం కదిపింది. గోడ కిందికి చూస్తోంది. "ఇంకోటి అచ్చింది."

బుట్ట తీసుకొని దిగాను.